ఆడొచ్చని రాయి బాబూ

డాక్టరు గణపతిరావు పనసగుడ చేరేసరికి ఊళ్ళో మనిషన్నవాడు లేడు. పొయ్యి మీద చోడి జావ కుతకుత ఉడుకుతోంది. కోళ్ళు తమ పాటికి తాము తిరుగుతున్నాయి. ఒక గుడిసె ముందు సగం అల్లిన చేట బోర్లాపడి ఉంది. ఆయన ఖాకీ టోపీ కొండ మలుపులో కనబడగానే ఎవరో "రోడ్డు పనికి వెట్టికి పట్టుకుపోయీవోళ్ళు వచ్చీసినార్రో" అని కేక పెట్టారు. ఆ రోజుల్లో ఆ కేకకి అరకు కొండల్లో ఎంత బరువున్న మనిషైనా లేడిపిల్లయ్యేవాడు. ముసలివాళ్ళతో సహా ఊరంతా వెనక అడవిలోకి జారుకుంది.

మిగిలింది సుక్రి ఒక్కర్తే.

సుక్రికి పదేళ్ళు. శుక్రవారం పుట్టింది కాబట్టి ఆ పేరు. అందరితో పాటు తనూ పరుగు మొదలెట్టింది గానీ పనసచెట్టు దాకా వచ్చేసరికి కాళ్ళు ఇక రామన్నాయి. చెట్టు మొదట్లో కూలబడి, దొరికిపోయిన దొంగలా కాకుండా ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు డాక్టర్ని చూసింది.

"ఊళ్ళో వాళ్ళంతా ఏరీ?" అన్నాడు గణపతిరావు, నుదుటి చెమట తుడుచుకుంటూ.

"పారిపోనారు."

"మరి నువ్వు?"

"నానూ పారిపోదును. ఇక్కడిదాకా వచ్చీసరికి కాళ్ళు అయిపోనాయి."

గణపతిరావుకి నవ్వొచ్చింది. విజయనగరం వైపు మనిషి ఆయన. చలిజ్వరాల లెక్క తేల్చమని సర్కారు పంపితే రెండు నెలలుగా కొండలెక్కి దిగుతున్నాడు. ఆయన పనల్లా పిల్లల పొట్టలు నొక్కి చూడడం. చలిజ్వరం మాటిమాటికీ వచ్చే పిల్లలకి ఎడమ డొక్కలో ప్లీహం గట్టిపడి బల్ల పెరుగుతుంది. ఏ ఊళ్ళో ఎంతమందికి బల్ల ఉందో రాసుకుని, అందరికీ క్వినైను బిళ్ళలు పంచి వెళ్ళాలి. అయితే పొట్ట నొక్కాలంటే ముందు పిల్లలు దొరకాలి కదా! ఇప్పటికి ఆరు ఊళ్ళు తిరిగితే నాలుగు ఊళ్ళలో కోళ్ళే ఎదురొచ్చాయి.

"నేను రోడ్డు పని వాణ్ణి కాను. డాక్టర్ని. పిల్లల పొట్ట నొక్కి చూసి మందిస్తాను. అంతే."

"అంతేనా? నొప్పెడతాదా?"

"చక్కిలిగింత పెడుతుంది."

సుక్రి తన పొట్ట చూపించింది. ఆయన నొక్కాడు. ఒకటికి రెండుసార్లు నొక్కాడు. ఈ కొండల్లో ఏ పిల్లను చూసినా చేతికి తగిలే బల్ల ఈ పిల్లకి అసలు తగల్లేదు. కానీ కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి. పెదాలు పాలిపోయి ఉన్నాయి. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

ఈలోగా సుక్రి ఊపిరి కూడగట్టుకుని అడవికేసి ఒక్క కేక పెట్టింది.

"రోడ్డోళ్ళు కారు! పొట్ట నొక్కీ బాబంట! కితకిత పెడతాడంట! వచ్చీయండి!"

ముందు పిల్లలొచ్చారు, తర్వాత తల్లులొచ్చారు, ఆఖర్న మగవాళ్ళు తమకేమీ తొందర లేదన్నట్టు వచ్చారు. సుక్రి పనసచెట్టు కింద కూర్చునే అందర్నీ వరసలో నిలబెట్టింది. నవ్వేవాళ్ళని కసిరింది. ఏడ్చేవాళ్ళకి తన పొట్ట చూపించి "నాకేటీ కానేదు సూడు" అని ధైర్యం చెప్పింది. పొద్దు వాలేలోగా ముప్ఫైమంది పిల్లల్ని చూశాడు గణపతిరావు. రెండు నెలల్లో ఇంత సుళువుగా ఏ ఊళ్ళోనూ పని సాగలేదు.

పెట్టె మూస్తూ ఆయన మళ్ళీ సుక్రి దగ్గరికి వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"కాళ్ళు అయిపోవడం రోజూ ఉంటుందా? నొప్పి కూడా ఉంటుందా?"

ఆ మాట సుక్రిని అంతవరకూ ఎవరూ అడగలేదు. 'మళ్ళీ వచ్చిందా' అనేవాళ్ళు. 'లే, ఏటీ కాదు' అనేవాళ్ళు. ఎలా ఉంటుందని మాత్రం ఎవరూ అడగలేదు. చెప్పడానికి మాటలన్నీ ఎప్పట్నుంచో సిద్ధంగా ఉన్నట్టు ఆ పిల్ల గబగబా మొదలెట్టింది.

"నొప్పులు మూడు రకాలు బాబూ. ఒకటి సేతి ఏళ్ళలో ఉంటాది, సీమలు కుట్టినట్టు. అదొచ్చినా పని సేసుకోవచ్చు. ఇంకోటి మోకాళ్ళలోన. పచ్చి కర్రని మెలి తిప్పినట్టుంటాది. అదొస్తే కూకోవాల. మూడోది నడుము ఎముకలోన. దానికి మాట నేదు. అదొచ్చినప్పుడు నాను మాటాడను."

"అలుపో?"

"అలుపు నొప్పి కాదు. అది ఏరు. నొప్పి పోయినా అది పోదు. నిద్దర లేచీసరికే సంతకెళ్ళొచ్చినట్టు ఉంటాది."

"ఎప్పుడెక్కువ వస్తాయి?"

"సలికొస్తాది. తడిస్తే వస్తాది. దూరం నడిచినా, నీళ్ళు తాగకపోయినా వస్తాది. ఒక్కోపాలి ఏటీ సెయ్యకపోయినా వస్తాది. దాని ఇష్టం."

గణపతిరావు జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి ఆ మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టే రాసుకున్నాడు.

అప్పుడే సుక్రి తండ్రి భీముడు వచ్చి నిలబడ్డాడు. బలమైన మనిషి. పండగల్లో తుడుము కొడితే నాలుగు కొండల అవతలికి వినబడేది. "దాని మాట నమ్మకు బాబూ. సోమరి గుంట. కూకోబెడితే కూకునే ఉంటాది. నాను రోజూ నీళ్ళకి తోలతన్నాను, మేకల ఎనకాల తోలతన్నాను. అలా తోలితేనే బతుకుతాది."

"ఒరే భీముడూ!" భీముడి తల్లి సోములమ్మ గుడిసెలోంచే అరిచింది. "సోమరిది కాదురా. ఆముదపాకు ఎచ్చజేసి కాళ్ళకి కట్టీదాన్ని నాను. నాకు తెలుసు దాని బాద."

"ఏం భీముడూ, పిల్ల కళ్ళు చూశావా?" అన్నాడు డాక్టరు. "ఆ కాళ్ళతో నీళ్ళ కుండ మోయిస్తావా?"

భీముడు నేలకేసి చూస్తూ బొటనవేలితో మట్టి గీరాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"దీనికి ముందోడు ఒకడుండీవోడు బాబూ. మంగులు. ఆడికీ ఇలాగే. మోకాళ్ళు వాచీవి. కళ్ళు పచ్చబడీవి. పాపం గుంటడని పడుకోబెట్టినాం. జావ తాగించినాం, కోడిని కోసినాం. పనికి పంపనేదు. పడుకున్నోడు పడుకున్నట్టే పోనాడు." తలెత్తి డాక్టర్ని సూటిగా చూశాడు. "దీన్ని నాను పడుకోనివ్వను."

గణపతిరావు నోటుపుస్తకం మూశాడు. "నాకు ఈ జబ్బు పేరు తెలీదు" అన్నాడు.

"తెలీదా?" సుక్రి కళ్ళు పెద్దవయ్యాయి. "దాకతరువి కాదా నువ్వు?"

"డాక్టర్నే. అయినా తెలీదు. క్వినైనుతో తగ్గేది కాదు. పెద్ద డాక్టర్లకి రాసి కనుక్కుంటాను. వాళ్ళకీ తెలుస్తుందో లేదో."

ఆ మాటకి సుక్రికి ఆయన మీద గురి కుదిరింది. ఊళ్ళో పూజలు చేసే గురుమాయికి తెలియనిదంటూ లేదు. నొప్పి వచ్చినప్పుడల్లా ఒక కొత్త దేవత పేరు చెప్పేవాడు, ఆ దేవతకి ఒక కోడిని అడిగేవాడు. కోడికూర రుచిగానే ఉండేది గానీ నొప్పి మాత్రం తన పద్ధతి మార్చుకోలేదు.

వెళ్ళేముందు డాక్టరు ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసి, గట్టిగా చదివి వినిపించి, కింద సర్కారు ముద్ర వేశాడు. 'ఈ పిల్లచేత నీళ్ళు మోయించరాదు. చలిలో, తడిలో ఉంచరాదు. అడిగినప్పుడల్లా నీళ్ళు ఇవ్వాలి. అలసిందంటే పడుకోనివ్వాలి.' ఆఖరి మాట చదువుతున్నప్పుడు భీముడి మొహం నల్లబడింది. కానీ ముద్ర ముద్రే. సర్కారు ముద్ర ఉన్న కాగితంతో వాదన పెట్టుకున్నవాళ్ళు ఆ కొండల్లో ఎవరూ లేరు.

సోములమ్మ ఆ కాగితాన్ని వెదురు గొట్టంలో పెట్టి చూరులో దోపింది.

ఆ చలికాలం సుక్రి దొరసాని బతుకు బతికింది. నీళ్ళకి వెళ్ళమనేవాళ్ళు లేరు. మంచు కురిసే పొద్దుల్లో పొయ్యి పక్కన చోటు తనదే. నొప్పి మొత్తానికి రెండే రెండుసార్లు వచ్చింది. భీముడు మాత్రం కూతురు మధ్యాహ్నం కాస్త కన్నుమూస్తే చాలు, పని మానుకుని గుమ్మంలో తచ్చాడేవాడు. ఏదో వంకతో దగ్గేవాడు. ఆ పిల్ల కదిలితే గానీ అక్కణ్ణించి కదిలేవాడు కాదు.

ఇంత సుఖమూ మాఘమాసం వెళ్ళేసరికి సుక్రికి వెగటు పుట్టింది. మేకల వెనక వెళతానంటే "కాయితం ఒప్పదు" అనేది సోములమ్మ. వలిసె గింజలు నూర్చే కల్లం దగ్గర కూర్చుంటానంటే "కాయితం ఒప్పదు." పనసచెట్టు కిందికి వెళతానన్నా కాగితం ఒప్పేది కాదు. చదవడం ఎవరికీ రాదు కాబట్టి ఆ నాలుగు వాక్యాలు రోజుకొకటి చొప్పున పెరిగాయి.

చైత్రం దగ్గరపడింది. చైత్ర పండగంటే మగవాళ్ళు వేటకెళతారు, ఆడవాళ్ళు ధింసా ఆడతారు. ఒకరి నడుము వెనక ఒకరు చేతులు కలిపి, వరసగా నిలబడి, తుడుముల దెబ్బకి అడుగులేస్తూ పాములా మెలికలు తిరుగుతారు. పదేళ్ళు నిండిన పిల్లలకి ఆ వరసలో చోటు. సుక్రి ఈడుదే అయిన రత్నాలు అప్పుడే అడుగులు నేర్చుకుంటోంది.

"నానూ వస్తాను" అంది సుక్రి.

"నీకు కాయితం ఉంది గదా" అంది రత్నాలు జాలిగా. "నువ్వు కూకో."

సుక్రి ఇంటికి రాగానే వెదురు గొట్టం దింపి, కాగితం బయటికి తీసి తండ్రి ముందు పెట్టింది. "ఇందులో ఆడకూడదని నేదు. నాకు గేపకముంది. కావాలంటే ఆ బాబునే అడుగుదాం. ఆడొచ్చని రాయించుకొస్తాను."

డాక్టరు నెలకోసారి అనంతగిరి బంగళాలో మకాం చేసేవాడు. ఊళ్ళోవాళ్ళకి పూట నడక. భీముడు ఒప్పుకోలేదు, సోములమ్మ ఒప్పుకోలేదు. సుక్రి రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు భీముడు గొడుగు, కర్ర, ఆనపబుర్రలో నీళ్ళు తీసుకుని "పద" అన్నాడు.

"నీ నడకతో కాదు, నా నడకతో ఎల్లాల" అంది సుక్రి. "సింతసెట్టు దాకా ఒక నడక. అక్కడ నీళ్ళు తాగి కూకోవాల. తరవాత గెడ్డ ఒడ్డు దాకా. ఎండ ఎక్కినాక నీడలోన పడుకోవాల. అలాగెల్తే రెండో రోజుకి ఎల్లిపోతాం."

"పూట నడక్కి రెండు రోజులా!"

"నీకు పూట. నాకు రెండు రోజులు."

ఆ లెక్క ప్రకారమే నడిచారు. మొదటి రోజంతా బాగానే సాగింది. సుక్రి దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. ఏ చెట్టు కింద నేల మెత్తగా ఉంటుందో, ఏ రాయి ఎండకి వెచ్చబడుతుందో, దానికి వీపు ఆనిస్తే నడుముకి ఎంత హాయో చెప్పింది. ఈ కొండల్లోనే పుట్టి పెరిగిన భీముడు తన జన్మలో ఏ రాయికీ వీపు ఆనించి ఎరగడు. మొదటి రాయి దగ్గర విసుక్కున్నాడు. మూడో రాయి దగ్గర తనూ ఆనుకుని చూశాడు.

రెండో రోజు పొద్దు నెత్తిమీదికి వచ్చాక మబ్బు పట్టి ఒక్కసారిగా వాన దంచింది. గొడుగు గాలికి తిరగబడింది. ఎదర ఏదో ఊరు కనబడేలోగా ఇద్దరూ నిలువునా తడిసిపోయారు. సుక్రి మాటలు ఆగిపోయాయి. భీముడు తిరిగి చూస్తే పెదవులు బిగించి, రెండు చేతులతో నడుము పట్టుకుని దారి మధ్య నిలబడి ఉంది.

అది మూడో రకం నొప్పి. దానికి మాట లేదు.

కూతుర్ని భుజాన వేసుకుని దారి పక్క ఊరికి పరుగెత్తాడు. ఉప్పు బస్తాల ఎడ్ల బేరగాళ్ళకి వండిపెట్టే అప్పలనర్సమ్మ అనే కొండ దిగువ పల్లపు ఆడమనిషి తలుపు తీసింది. వాళ్ళ అవతారం చూసి లోపలికి లాగింది. తడిగుడ్డలు విప్పించి, తన రగ్గు కప్పి, పొయ్యి పక్కన పడుకోబెట్టింది. "పిల్లదానికి నొప్పి తగ్గీదాకా ఉండండి బాబూ. నా ఇల్లేటి కరిగిపోద్దా?" అంది.

సుక్రి మూడు రోజులు పడుకుంది. కదిపితే అరిచేది. అరవడానికి ఓపిక లేనప్పుడు గోడకేసి చూసేది. భీముడు పక్కనుంచి లేవలేదు. సోములమ్మ చేసే పనులన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని చేశాడు. ఆముదపాకు వెచ్చచేసి మోకాళ్ళకి కట్టాడు, చెంచాతో గోరువెచ్చని నీళ్ళు పోశాడు. మంగులు పక్కన కూర్చున్న రోజులు కళ్ళ ముందు తిరిగాయి. రెండో రోజు సుక్రి తండ్రి మొహం చూసి లేవబోయింది.

"లేస్తానయ్యా. నువ్వు బయపడకు."

భీముడు ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి ఆపాడు. "వద్దమ్మా. లేవకు. పడుకో. నాను ఇక్కడే ఉంటాను."

అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు. పడుకోమన్నది తన నోరే.

నాలుగో రోజు పొద్దున్న భీముడికి కునుకు పట్టింది. తెలివొచ్చి చూస్తే పక్క ఖాళీగా ఉంది. బయటికి ఉరికాడు. సుక్రి అరుగు మీద ఎండలో కూర్చుని, అప్పలనర్సమ్మ చేత తల దువ్వించుకుంటూ, "గట్టిగా లాక్కు, నాకు తల్లో నొప్పి నేదు, కొత్తగా పుట్టించకు" అంటోంది. భీముడు గుమ్మం పట్టుకుని కూలబడి మొదట నవ్వాడు, తర్వాత భోరుమని ఏడ్చాడు. ఏడుపు ఎందుకో అప్పలనర్సమ్మకి అర్థం కాలేదు. ఆవిడ అతనికి కూడా జావ పోసింది.

మరో రెండు రోజులు ఆగి, నెమ్మదిగా అనంతగిరి చేరారు.

బంగళాలో గణపతిరావు మూడు దుప్పట్లు కప్పుకుని మంచం అదిరేలా వణుకుతున్నాడు. ఊరూరా జ్వరం లెక్క రాసిన మనిషిని చివరికి జ్వరమే పట్టుకుంది. సుక్రి మంచం పట్టె మీద కూర్చుంది.

"నొప్పి ఎక్కడ బాబూ?"

"అన్నిచోట్లా..."

"అన్నిచోట్లా అంటే సెప్పినట్టు కాదు. ఎక్కడ మొదలైనాదో సెప్పు."

పళ్ళు టకటకలాడుతుంటేనే డాక్టరుకి నవ్వొచ్చింది. నడుములో మొదలైందనీ, అక్కణ్ణించి తలకెక్కిందనీ చెప్పాడు. సుక్రి గంభీరంగా తలాడించి, ఆనపబుర్రలో నీళ్ళు తాగించింది. వణుకు తగ్గాక ఆయన లేచి కూర్చుని, వచ్చిన పని అడిగాడు.

"ఆడొచ్చని రాయి బాబూ. కాయితంలో."

"పెద్ద డాక్టర్లకి రాశాను సుక్రీ. వాళ్ళకీ తెలీదట. ఆడితే నొప్పి రావచ్చు."

"ఆడకపోయినా వస్తాది. దారిలో వచ్చినాది. ఆడినానా ఏటి?"

గణపతిరావు భీముడికేసి చూశాడు. ఈ తండ్రి ఏమంటాడో ఆయనకి తెలియలేదు.

"రాయి బాబూ" అన్నాడు భీముడు. "అలిసిపోతే కూకుంటాది. కూకోలేకపోతే పడుకుంటాది. పడుకున్నా లేస్తాది. నాను సూసినాను."

డాక్టరు కొత్త కాగితం తీసి రాశాడు. 'ధింసా ఆడవచ్చు. ఎంతసేపన్నది ఆ పిల్ల ఇష్టం.' ముద్ర వేసి, చదివి వినిపించాడు. మరోసారి చదవమంది సుక్రి. చదివాడు.

తిరుగు ప్రయాణంలో ఎక్కడ ఆగాలో భీముడే చెప్పాడు.

పండగ నాడు పొద్దు వాలుతుండగా పనసగుడలో తుడుములు మోగాయి. మోరి ఊదేవాడు బుగ్గలు పూరించాడు. సుక్రి ఎర్ర కోకలో, ఒక పక్క రత్నాలు, ఇంకో పక్క రత్నాలు తల్లి చేతులు నడుము చుట్టూ ఉండగా వరసలో నిలబడింది. మొదటి చుట్టులో రెండు అడుగులు తప్పింది. రెండో చుట్టులో తప్పలేదు. భీముడు తుడుము దెబ్బ తెలియకుండానే నెమ్మది చేశాడు.

"అయ్యా! నిద్దరోతన్నావేటి? కొట్టు!" అని వరసలోంచి అరిచింది సుక్రి. ఊరంతా గొల్లుమంది. భీముడు సిగ్గుపడి దెబ్బ పెంచాడు.

నాలుగో చుట్టు సగంలో ఆ పిల్ల కాళ్ళు తడబడ్డాయి. చేతులు విడిపించుకుని, ఎవరి సాయమూ లేకుండా వరస దాటి వచ్చింది. భీముడు తుడుము పక్కవాడికి ఇచ్చి, భుజం మీది కంబళి గోడవార పరిచాడు. సుక్రి దాని మీద ఒరిగి, "రత్నాలు అడుగు తప్పినాది, సూసినావా?" అంది. జవాబు వినకుండానే నిద్రపోయింది.

భీముడు ఒక్క క్షణం కూతురి మొహం చూశాడు. తర్వాత వెళ్ళి తుడుము తీసుకున్నాడు. దీపాలు పెట్టేదాకా ఊరు ఆడుతూనే ఉంది. అంత మోతలోనూ సుక్రి హాయిగా నిద్రపోయింది. ఆ పిల్లని ఎవరూ లేపలేదు.